చైనా సూదులు, మన నొప్పులు

నిడదవోలు నుంచి ఒక సోదరి ఇలా రాశారు: "మా అత్తగారికి 64 ఏళ్ళు. రెండు మోకాళ్ళూ నొప్పులే. నాలుగు మెట్లెక్కితే ఐదో మెట్టు మీద కూర్చుండిపోతారు. నొప్పి మాత్రలు వాడి వాడి కడుపులో మంట కూడా మొదలైంది. మా వీధిలో ఈ మధ్య ఒకాయన చైనా సూదుల వైద్యం పెట్టారు. పదిసార్లు గుచ్చితే మోకాళ్ళు కొత్తవైపోతాయంటున్నారు. మా వారు అదంతా బూటకం అంటారు. మా ఆడపడుచు చేయించి తీరాలంటుంది. ఎవరి మాట వినమంటారు డాక్టరుగారూ?"

అమ్మా, ఇద్దరి మాటా పూర్తిగా వినకండి. మీ ప్రశ్నకు చివర్లో జవాబు చెబుతాను. ఈలోగా అసలు ఈ వైద్యం ఏమిటో కాస్త తెలుసుకుందాం. ఎందుకంటే ఆక్యుపంక్చర్ మీద పోట్లాడుకునేవాళ్ళలో చాలామందికి ఆ సూది ఎలా ఉంటుందో కూడా తెలియదు.

ఆ సూదిలో మందు ఉండదు. మేము ఇంజక్షన్ ఇచ్చే సూది లోపల బోలుగా ఉంటుంది, ఇది గట్టి తీగ. ఇంజక్షన్ సూది మందం ముప్పాతిక మిల్లీమీటరు దాకా ఉంటే ఇది పావు మిల్లీమీటరు. అంటే తలవెంట్రుకకి మూడు నాలుగు రెట్లు, అంతే. అందుకే గుచ్చినప్పుడు చీమ కుట్టినంత కూడా తెలియదంటారు చాలామంది. గుచ్చాక మెల్లగా తిప్పుతారు. అప్పుడు లోపల ఒక బరువు, తిమ్మిరి, లాగినట్టుండే సలుపు పుడతాయి. దాన్ని చైనావాళ్ళు 'దచీ' అంటారు, అంటే చీ అందింది అని. అది పుట్టిన తరువాత సూదుల్ని ఇరవై, ముప్పై నిమిషాలు అలా ఉంచి తీసేస్తారు.

మరి ఈ 'చీ' ఏమిటి? మనం ప్రాణశక్తి, ప్రాణవాయువు అని వాడుకలో అంటుంటామే, ఇంచుమించు అలాంటి ఊహ. అది ఒంట్లో పన్నెండు ముఖ్యమైన దారుల్లో నిత్యం ప్రవహిస్తుందని వాళ్ళ సిద్ధాంతం. ఒక్కొక్క దారి ఒక్కొక్క అవయవానిది. ఊపిరితిత్తులది చేతి లోపలి వైపు నుంచి బొటనవేలి దాకా, జీర్ణాశయానిది ముఖం నుంచి దిగి కాలి రెండో వేలి దాకా, ఇలాగ. వీటికి తోడు ఒంటి ముందు మధ్యగీత ఒకటి, వెనుక వెన్ను వెంబడి మధ్యగీత ఒకటి. ఈ పద్నాలుగు దారుల మీద 361 బిందువులు. దారిలో అడ్డు పడినా, ఒకచోట ఎక్కువై ఇంకొకచోట తక్కువైనా జబ్బు. బిందువు దగ్గర సూది గుచ్చి ఆ అడ్డు తీయడం వైద్యం.

పొలానికి నీరు పెట్టే రైతుకి ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. ఇదంతా పుట్టింది కాలువలు తవ్వుకుని వరి పండించిన దేశంలోనే కదా.

వాళ్ళ వైద్యుడు రోగిని నాలుగు విధాలుగా పరీక్షిస్తాడు. చూడటం, వినడం (వాసన చూడటం కూడా ఇందులోనే), అడగటం, తాకటం. నాలుక రంగు, దాని మీది పాచి ఎంతో శ్రద్ధగా చూస్తాడు. ఒక్కొక్క మణికట్టు దగ్గర మూడేసి చోట్ల మూడు వేళ్ళతో నాడి పట్టుకుంటాడు. మన ఆయుర్వేద వైద్యులు నాడి చూడటం మీకు తెలుసు కాబట్టి ఇది వింతగా తోచదు. మనకి పంచభూతాలున్నట్టే వాళ్ళకీ ఐదున్నాయి, కానీ అవే ఐదు కావు. మట్టి, నీరు, నిప్పు ఇద్దరికీ ఉన్నాయి. మనం గాలి, ఆకాశం అన్నచోట వాళ్ళు కొయ్య, లోహం అన్నారు.

ఇంకో చుట్టరికం కూడా ఉంది. చైనా భాషలో ఈ వైద్యం పేరు 'జెన్ జియు'. జెన్ అంటే సూది. జియు అంటే కాల్చడం, అంటే ఒక ఎండిన ఆకును ముద్ద చేసి, వెలిగించి, ఆ బిందువు దగ్గర సెగ చూపడం. ఆ ఆకు ఏమిటనుకున్నారు? వినాయకచవితి పత్రిలో మనం పెట్టే మాచిపత్రికి దగ్గర చుట్టం. పేరులో సగం వాటా ఉన్న ఈ సెగ వైద్యాన్ని మనవాళ్ళు సాధారణంగా మరిచిపోతారు. సెగ అన్నాను కదా అని పసికర్లకి వాతలు పెట్టడంతో దీన్ని కలపకండి. ఆ వాతల వల్ల పుళ్ళు పడ్డ పిల్లల్ని నేను బోలెడుమందిని చూశాను. కామెర్లు మాత్రం వాతలకి తగ్గలేదు.

బిందువును కొలిచే పద్ధతి నాకు మహా ఇష్టం. దానికి స్కేలు లేదు. రోగి బొటనవేలి వెడల్పు ఒక 'సున్'. నాలుగు వేళ్ళు కలిపితే మూడు సున్‌లు. బొద్దుగా ఉన్నవాడికి వాడి కొలత, బక్కపల్చని వాడికి వాడి కొలత. మోకాలి చిప్ప కింద బయటివైపున్న గుంట నుంచి నాలుగు వేళ్ళు కిందికి, ముంగాలి ఎముక అంచుకి ఒక వేలు పక్కగా ఉన్నది 'జుసాన్లి', జీర్ణాశయం దారిలోది. మణికట్టు మడతకి రెండు సున్‌ల పైన, రెండు నరాల్లాంటి కండరాల తాళ్ళ మధ్య ఉన్నది 'నెయిగువాన్'. ఈ రెండో పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇదంతా ఎంత పాతది? ఐదువేల ఏళ్ళని ప్రకటనల్లో రాస్తారు. అంత నమ్మనక్కర్లేదు. చైనాలోని చాంగ్‌షా దగ్గర మావాంగ్‌దుయి అనే చోట 1973లో ఒక సమాధి తవ్వితే పట్టుగుడ్డ మీద రాసిన వైద్యగ్రంథాలు దొరికాయి. ఆ సమాధి క్రీస్తుపూర్వం 168 నాటిది. అందులో దారులున్నాయి గాని పన్నెండు కాదు, పదకొండే. సెగ పెట్టమని ఉంది గాని బిందువుల్లో సూదులు గుచ్చమని లేదు. ఆ తరువాత ఒకటి రెండు శతాబ్దాల్లో కూర్చిన 'హువాంగ్ ది నేయి జింగ్' అనే గ్రంథంలో సూదుల వైద్యం పూర్తి రూపంలో కనబడుతుంది. అంటే సుమారు రెండువేల ఏళ్ళ వయసు. అది తక్కువేం కాదు.

1027 ప్రాంతంలో వాంగ్ వేయియి అనే రాజవైద్యుడు నిలువెత్తు కంచు మనిషి బొమ్మలు రెండు పోయించాడు. ఒంటి నిండా బిందువుల దగ్గర చిల్లులు. పరీక్షనాడు బొమ్మ మీద మైనం పూసి, లోపల నీళ్ళు నింపి, విద్యార్థి చేతికి సూది ఇచ్చేవారట. సరైన చోట గుచ్చితే నీళ్ళు చిమ్ముతాయి. తప్పితే సూది వంగుతుంది. మా అనాటమీ పరీక్షకి ఇలాంటి బొమ్మ పెట్టి ఉంటే మా బ్యాచిలో సగం మందిమి ఇంకా కాలేజీలోనే ఉండేవాళ్ళం.

ఇంత ఘనమైన విద్యని చైనావాళ్ళే ఒకసారి బయటికి నెట్టారని చాలామందికి తెలియదు. 1822లో చక్రవర్తి ఆజ్ఞతో రాజవైద్యశాలలో సూదుల బోధన ఆగిపోయింది. 1929లో అప్పటి ప్రభుత్వం పాత వైద్యాన్నే మొత్తంగా అణచాలని చూసింది. వైద్యులు గొడవ చేస్తే ఊరుకుంది. 1949లో కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చేసరికి కోట్ల జనాభాకి చాలినంతమంది డాక్టర్లు లేరు. ఊళ్ళల్లో ఉన్నది పాత వైద్యులే. వాళ్ళని పోగుచేసి, తగవులాడుకునే సంప్రదాయాలన్నిటినీ ఒక పాఠ్యక్రమంలోకి కుదించి, 1955లో పెకింగులో ఒక అకాడమీ పెట్టారు. ఇవాళ మీ వీధిలో 'సంప్రదాయ చైనా పద్ధతి' అని బోర్డు మీద ఉంటే, దానర్థం చాలా మటుకు ఆ 1950ల నాటి పాఠ్యక్రమమే.

ప్రపంచానికి దీని మీద మోజు కలిగించింది ఒక అపెండిక్సు. 1971 జులైలో జేమ్స్ రెస్టన్ అనే అమెరికా పత్రికా రచయిత పెకింగులో ఉండగా కడుపునొప్పి వచ్చింది. అక్కడి ఆస్పత్రిలో ఆపరేషను చేశారు. సూదులతోనే మత్తు కలిగించి పొట్ట కోశారని ఇప్పటికీ కథలు చెబుతారు. అది అబద్ధం. మామూలుగా మత్తు ఇంజక్షన్ ఇచ్చే కోశారు. మర్నాటి రాత్రి పొట్ట ఉబ్బి బాధపడుతుంటే అప్పుడు మోచేతి దగ్గర, మోకాళ్ళ కింద సూదులు గుచ్చి, పొట్ట దగ్గర ఆ ఆకు సెగ చూపారు. గంటలో తేలికపడిందని ఆయనే న్యూయార్క్ టైమ్స్‌లో రాశాడు. ఆ మరుసటి ఏడు నిక్సన్ చైనా వెళ్ళాడు. ఇక అమెరికాలో సూదుల గొడవే గొడవ.

మనకి అంతకు ముందే వచ్చింది. 1938లో జపాను దాడికి గురైన చైనాకి మన కాంగ్రెసు ఐదుగురు డాక్టర్లను పంపింది. వారిలో కోట్నీస్ గారు అక్కడే 1942లో కన్నుమూశారు. శాంతారాం సినిమా వల్ల ఆయన పేరు అందరికీ తెలుసు. అదే బృందంలోని బిజయ్ కుమార్ బసు గారు ఆ తరువాత మళ్ళీ చైనా వెళ్ళి ఈ విద్య నేర్చుకుని 1959లో కలకత్తాలో మొదలుపెట్టారు. పశ్చిమ బెంగాల్‌లో దీనికి 1996లో ప్రత్యేక చట్టం వచ్చింది, మహారాష్ట్రలో 2015లో.

కథ సరే, పనిచేస్తుందా అంటారు. ఇక్కడ కొంచెం ఓపికగా చదవండి.

నొప్పి మీద ఏ వైద్యాన్నైనా పరీక్షించడం కష్టం. మనకి నమ్మకమున్న డాక్టరు చెయ్యి వేస్తేనే సగం నొప్పి పోతుంది. అందుకని పరిశోధకులు కొందరికి నిజమైన బిందువుల్లో సూదులు గుచ్చుతారు. మరికొందరికి బిందువులు కాని చోట పైపైన గుచ్చుతారు. ఎవరికేది చేస్తున్నారో రోగికి తెలియనివ్వరు. జర్మనీలో ఇలా దీర్ఘకాలపు నడుమునొప్పి ఉన్న 1,162 మందిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. ఆరు నెలల తరువాత చూస్తే, అసలు సూదులతో నూటికి సుమారు 48 మందికి గుణమిచ్చింది. ఉత్తుత్తి సూదులతో 44 మందికి. మందులు, వ్యాయామం వగైరా మామూలు వైద్యంతో 27 మందికి.

ఈ మూడు అంకెలూ మరొక్కసారి చూడండి. సూదులు మామూలు వైద్యం కంటే మేలు చేశాయి. కానీ ఎక్కడ గుచ్చారన్న దానికి పెద్ద తేడా కనబడలేదు! నిజమైన సూదులకి కొంచెం పైచెయ్యి ఉందని ఇరవై వేలమందికి పైగా రోగుల వివరాలు కలిపి 2018లో వేసిన లెక్కలో తేలింది గాని, ఆ తేడా చిన్నదే. మోకాలి అరుగుదల, తలనొప్పి, నడుము, మెడ నొప్పులకి ఇది వర్తిస్తుంది. ఇంగ్లండులో ప్రభుత్వ వైద్య సలహా సంఘం 2016లో నడుమునొప్పికి సూదులు వద్దంది. అదే సంఘం 2021లో కారణం తెలియని దీర్ఘకాలపు నొప్పులకి ప్రయత్నించవచ్చంది. పెద్దవాళ్ళకే తెమలలేదన్నమాట.

వాంతుల విషయంలో సాక్ష్యం ఇంకాస్త గట్టిది. ఇందాక గుర్తుంచుకోమన్న నెయిగువాన్ దగ్గర సూది గుచ్చినా, నొక్కినా ఆపరేషను తరువాత వచ్చే వికారం, వాంతులు కొంత తగ్గుతాయని ఎన్నో పరీక్షల్లో కనబడింది. బస్సులో కడుపు తిప్పేవాళ్ళు మణికట్టు మడత మీద మూడు వేళ్ళు ఆనించి, ఆ పైన రెండు తాళ్ళ మధ్య బొటనవేలితో రెండు మూడు నిమిషాలు నొక్కి చూడండి. గుణమిస్తే సంతోషం. ఇవ్వకపోతే పోయిందేమీ లేదు.

సూది గుచ్చినప్పుడు మెదడు, వెన్నుపాము ఎండార్ఫిన్ల వంటి సొంత నొప్పి మందుల్ని విడుదల చేస్తాయని 1970ల నుంచీ ప్రయోగాలు చెబుతున్నాయి. నా మటుకు నాకు ఆ పద్నాలుగు దారుల పటం మీద నమ్మకం కుదరలేదు. శవాన్ని కోసి చూస్తే అవి కనబడవు. కానీ సూదికి పనే లేదనడానికీ నోరు రావడం లేదు. దానికో కారణం ఉంది.

కొన్నేళ్ళ కిందట నేనొక చిన్న పట్టణంలో పనిచేస్తుండగా ఒక హైస్కూలు మాస్టారు నడుమునొప్పితో ఓ.పి.కి వచ్చారు. నలభై ఐదేళ్ళుంటాయి. బయట నూటయాభై మంది వరస. మాత్రలు రాసి, బరువులెత్తకండి అన్నాను. మూడు వారాలకి మళ్ళీ వచ్చారు. మాత్ర మార్చాను. మూడోసారి రాలేదు. తగ్గిపోయిందనుకున్నాను, మేము ఎప్పుడూ అలాగే అనుకుంటాం.

ఆయన సూదుల దగ్గరికి వెళ్ళారు. అక్కడ అరగంట సేపు మాట్లాడి, నాలుక చూసి, నాడి చూసి, ఒంట్లో చలి, గాలి చేరాయన్నారట. సూదులతో రాత్రిళ్ళు నిద్ర పట్టింది కూడా. నొప్పి నిజంగానే తగ్గింది. సాయంత్రాలు కాస్త జ్వరం తగులుతున్నా, చొక్కాలు వదులైనా, నొప్పి తగ్గింది కదా అని ఆయన పట్టించుకోలేదు. నాలుగు నెలలకి వాళ్ళబ్బాయి ఆటోలో తీసుకొచ్చాడు. కాళ్ళు ఈడుస్తున్నారు. చొక్కా విప్పించి వెన్ను మీద వేలితో నొక్కితే ఒకచోట కెవ్వుమన్నారు, ఆ ఎముక పైకి పొడుచుకొచ్చింది కూడా. వెన్నెముకకి క్షయ. పెద్దాస్పత్రికి పంపితే ఆపరేషను చేసి నరాల మీద ఒత్తిడి తీశారు, మందులు ఏడాదికి పైగా వాడారు. చేతికర్రతో మళ్ళీ బడికి వెళ్ళారు. కర్ర మాత్రం ఉండిపోయింది.

ఆరోజు ఆ సూదులాయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. సాయంత్రం మాస్టారి పాత ఓ.పి. చీటీలు చూశాను. రెండింటి మీదా నా చేతిరాతే. ఆ రెండుసార్లలో ఒక్కసారైనా నేను ఆయన వీపు మీద చెయ్యి వెయ్యలేదు. సూదులాయన కనీసం అరగంట ఆయన ఎదుట కూర్చున్నాడు.

అప్పటి నుంచి నేను సూదులకి వెళతామన్నవాళ్ళని వెళ్ళొద్దనడం మానేశాను. ముందు జబ్బేమిటో తేల్చుకుని వెళ్ళండి అంటున్నాను. సూది నొప్పిని తగ్గించగలదు. ఆ నొప్పి ఎందుకొచ్చిందో చెప్పలేదు. నడుమునొప్పితో పాటు జ్వరం, బరువు తగ్గడం, కాళ్ళలో పట్టు తప్పడం, మూత్రం మీద అదుపు పోవడం ఏదున్నా అది సూదుల వ్యవహారం కాదు. ఎడమ భుజంలోకి, దవడలోకి పాకే ఛాతీ నొప్పి, ఎన్నడూ లేనంత తలనొప్పి హఠాత్తుగా రావడం కూడా అంతే. పక్షవాతం వస్తే గడ్డ కరిగించే ఇంజక్షన్‌కి నాలుగున్నర గంటలే గడువు. ఆ గంటల్ని సూదుల దగ్గర పోగొట్టుకోకండి. బి.పి., షుగరు, మూర్ఛ మందులు ఆపేయమని ఎవరు చెప్పినా, అది సూదులాయనైనా సరే, స్వామీజీ అయినా సరే, అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

వెళ్ళేటట్టయితే ఆయన చదువేమిటో, రిజిస్ట్రేషను ఉందో లేదో మొహమాటపడకుండా అడగండి. సూదుల ప్యాకెట్టు మీ కళ్ళెదుట చింపాలి, వాడినవి మీ కళ్ళెదుటే పారెయ్యాలి. మరగబెట్టి మళ్ళీ వాడతామంటే ఒప్పుకోకండి. 1984లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో ఒకే చోట సూదులు వేయించుకున్న 35 మందికి హెపటైటిస్-బి కామెర్లు సోకాయి. వక్షం మీద, భుజాల పైన లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి తగలవచ్చు. ఇంటికొచ్చాక ఆయాసం, ఛాతీలో పోటు వస్తే ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్ళాలి. రక్తం పలచబడే మందులు వాడేవారు, గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పాలి. గుండెకి పేస్‌మేకరు ఉన్నవాళ్ళు సూదులకి కరెంటు పెట్టించుకోకూడదు. షుగరు వల్ల అరికాళ్ళు మొద్దుబారినవాళ్ళకి సెగ పనికిరాదు. కాలినా తెలియదు, పుండు పడితే మానదు. ఖాళీ కడుపుతో వెళ్ళకండి, పడుకునే చేయించుకోండి, కొందరు కళ్ళు తిరిగి పడిపోతారు. లేచేముందు సూదులు లెక్కపెట్టించండి. నవ్వకండి, ఒకటి ఒంట్లోనే ఉంచుకుని ఇంటికి వెళ్ళినవాళ్ళున్నారు.

ఇక నిడదవోలు సోదరికి. అమ్మా, అరిగిన మోకాలు ఏ సూదితోనూ కొత్తది కాదు. ఆ మాట అన్నాయన మిగతా మాటలు కూడా కాస్త తగ్గించి వినండి. ముందు మీ అత్తగారిని నిలబెట్టి మోకాళ్ళకి ఎక్స్‌రే తీయించండి. బరువు ఎక్కువుంటే ఐదు కిలోలైనా తగ్గేలా చూడండి. కుర్చీలో కూర్చుని కాలు ముందుకి చాపి, పది లెక్కపెట్టి దింపాలి. పూటకి ఇరవైసార్లు, రెండు కాళ్ళకీ. తొడ కండ గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. ఇవి చేస్తూ సూదులు కూడా వేయించాలనుకుంటే నాకు అభ్యంతరం లేదు. ఆరుసార్లు చూడండి. ఐదో మెట్టు దాటి ఆరో మెట్టు ఎక్కగలిగితే పదీ పూర్తి చేయించండి. లేకపోతే ఆ డబ్బు మిగుల్చుకోండి.

అన్నిటికంటే ముందు ఆ కడుపులో మంట సంగతి. నొప్పి మాత్రలు ఇవాళే ఆపించండి. విరేచనం తారులాగ నల్లగా అవుతోందేమో ఆవిడని మెల్లగా అడగండి, అత్తగార్లు అడిగితే తప్ప చెప్పరు. అవుతోందంటే నా జవాబు కోసం కూడా ఆగకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.